సాంచాల చప్పుడు ఆపిన రోజు

రెండేళ్ల కిందటి వానాకాలం. ముంబై దగ్గరి భివండిలో టెంఘర్ వైపున్న ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నేను యాక్టివిటీ కోఆర్డినేటర్‌గా శిక్షణ పొందుతున్నాను. మంచం పట్టినవాళ్లని, మాట తగ్గినవాళ్లని రోజూ కాసేపు ఏదో ఒక వ్యాపకంలో పెట్టడం మా పని. "ముసలోళ్లను ఆడిపిచ్చే కొలువా? గదానికి గూడ ట్రైనింగా?" అని మా అమ్మ నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఆ కొలువులో గుండె జారిపోయే రోజులుంటాయని ఆమెకేం తెలుసు.

అక్కడున్నవాళ్లలో చాలామంది కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాల మీద, అంటే పవర్‌లూమ్ మగ్గాల మీద, బతుకంతా గడిపినవాళ్లే. వాళ్లలో రాజమల్లు తాత ఒకడు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. అతుక్కుందని డాక్టరు చెప్పినా కాలు కింద పెట్టడు. కామత్‌ఘర్‌లో కొడుకు ఉండే ఖోలీ, అంటే ఒంటి గది, పై అంతస్తులో; ఇనుప మెట్లెక్కి పోవాలి. "జెర నడువు బాపూ, ఇంటికి తీస్కపోత" అని కొడుకు ప్రతి ఆదివారం బతిమాలేవాడు. "నాకు కాలే లేదనుకోరా" అని తాత గోడవైపు తిరిగేవాడు. ఇంటికి పోవాలని ఆయనకే ఎక్కువ. పడిపోతానన్న భయం అంతకన్నా ఎక్కువ.

శిక్షణలో రెమినిసెన్స్ అనే పద్ధతి నేర్పారు. పాత రోజుల వస్తువో, వాసనో, చప్పుడో ముందుపెట్టి పెద్దవాళ్లని మాట్లాడించడం. నేను ఈ ఊళ్లోనే పద్మనగర్‌లో సాంచాల చప్పుడు వింటూ పెరిగినదాన్నే, కానీ కార్ఖానా లోపల ఏనాడూ పనిచేయలేదు. గల్లీలో ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి హాల్లో పెద్ద స్పీకరులో పెట్టాను.

మొదట పండగే అనుకోండి. దారం కండెలు చుట్టి చుట్టి ముసలిదైన భూమవ్వ చెంగు నడుముకి దోపి, "ఇగో, గిట్ల!" అని గాలిలో దారం అందుకుంది. అందరూ అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. ఆ చప్పుడులో అట్లాగే మాట్లాడాలి మరి. ఇక ఒక్కొక్కరి చేత కథలు చెప్పిద్దామని నేను స్పీకరు టక్కున ఆపేశాను.

హాలంతా బిగుసుకుపోయింది. మరుక్షణం కుర్చీలు వెనక్కి పడ్డాయి. "ఎవలికి? ఎవలికైంది?" అంటూ ఒకరి చేతులు ఒకరు పట్టి చూసుకుంటున్నారు. భూమవ్వ బెదిరి చెయ్యి చెంగులోకి ముడుచుకుంది. అది చూసి రాజమల్లు తాత చక్రాల కుర్చీలోంచి లేచాడు. లేచి నడిచాడు! హాలు ఆ చివరికి వెళ్లి, ఆమె చెయ్యి బయటికి గుంజి, వేళ్లు తడిమాడు.

"ఉన్నయా? అన్నీ ఉన్నయా?"

పరుగెత్తి ఆయన్ని వెనక నుంచి పట్టుకున్నాను.

భూమవ్వే ముందు తేరుకుంది. "పిల్లా, కరెంటు పోతే లైటు గూడ పోతది. అందరం చాయకు పోతం. లైటు ఉండంగ సాంచాలన్నీ ఒక్కపారి ఆగినయంటే, ఎవలో మెయిన్ బంద్ చేసిండ్రన్నట్టు. ఎవలిదో చెయ్యి మిషన్ల వడ్డదన్నట్టు."

తలెత్తి చూశాను. ట్యూబులైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది.

మాకు నేర్పే మేడం మాత్రం సంబరపడింది. "నడిచాడు చూశావా! రోజూ ఇట్లాగే ఆపు, తొందరగా ఇంటికి పంపేయొచ్చు" అంది. అది వినేసరికి నాకు ఇంకా దిమ్మ తిరిగింది. మనిషిని రోజూ హడలగొట్టి నడిపిస్తారా? "నేను ఆపను. కావాలంటే నన్నే తీసేయండి" అన్నాను. కోపమొస్తే నాకు మరాఠీ, హిందీ, తెలుగు కలిసిపోతాయి. ఏ భాషలో అన్నానో గుర్తులేదు గానీ ఆమెకి అర్థమైంది.

తాత మాత్రం మళ్లీ కుర్చీకే అంటుకుపోయాడు. "నేనెప్పుడు నడిచిన?" అని నన్నే దబాయించాడు.

మర్నాడు పొద్దున భూమవ్వ హాలుకి ఆ చివర కూర్చుని చెయ్యి పైకెత్తింది. "ఓ రాజమల్లూ! నిన్న చూసినవు, ఇయ్యాల చూడవా? నా వేళ్లున్నయో లేవో ఎవలు చెప్పాలె?"

అందరూ పకపకా నవ్వారు. తాత ఆమెని తిట్టాడు. తిడుతూనే కుర్చీ పక్కనున్న వాకర్‌ని దగ్గరికి లాక్కుని లేచాడు. నేను పక్కనే నడిచాను. ఆ రోజు సగం దూరమే వెళ్లాడు. తర్వాత తర్వాత, ఆమె పిలవకముందే బయల్దేరేవాడు. చలికాలం రాకముందే కొడుకు భుజం పట్టుకుని ఆ ఇనుప మెట్లు ఎక్కాడు.

చప్పుడు వినిపించడం నాకు శిక్షణలో నేర్పారు. ఆపడం మాత్రం వీళ్ల దగ్గర నేర్చుకున్నాను. ఇప్పటికీ సాంచాల చప్పుడు పెడతాను. ఆపేముందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ గట్టిగా అరుస్తాను: "నేనే ఆపుతున్న! ఎవలికేం కాలే!"

అయినా, చప్పుడు ఆగగానే ముసలివాళ్లందరూ రెండు చేతులూ పైకెత్తి ఒకరికొకరు చూపించుకుంటారు. నేనూ ఎత్తుతాను.