రాసాత్తి అడిగిన టీచరు

మద్రాసు పక్కన ఎన్నూరు ఉప్పుటేటి గట్టున యానాదుల కాలనీలో ఒక బడి ఉంది. ఐదో తరగతి దాకానే. ఆ బడి కమిటీకి ప్రెసిడెంటు రాసాత్తి. నవ్వకండి, నిజమే. పిల్లల తల్లి ఒకరు ప్రెసిడెంటుగా ఉండి తీరాలని రూలు. బడి నడిపే ట్రస్టు వాళ్లకేమో ఎదురు మాట్లాడని తల్లి కావాలి. రాసాత్తి దొరికింది.

ప్రెసిడెంటమ్మ ఉద్యోగం ఏట్లో. సముద్రం ఆటుకి నీళ్లు తగ్గిన వేళ నడుం లోతు దిగి, కరెంటు ఫ్యాక్టరీ బూడిద కలిసిన బురదలో చేతులు పెట్టి తడిమి రొయ్యలు పట్టాలి. రెండు చేతులకూ పనే గనక తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకోవాలి. వాళ్లమ్మా అంతే, అవ్వా అంతే. ముప్పై దాటిందో లేదో రాసాత్తి ముందుపళ్లు కదిలిపోయాయి. కూతురు సునయన నోట బుట్ట పెట్టనివ్వనని ఆ ఏటి ఒడ్డునే ఒట్టేసుకుంది.

సునయనకు ఐదో తరగతి అయిపోవస్తోంది. ఆరుకి పోవాలంటే లారీల రోడ్డు వెంట అంత దూరం నడవాలి. కిందటేడు వెళ్లిన పిల్లలంతా దసరా నాటికే మానేశారు. అందుకే రాసాత్తికి కావలసింది ఒక్కటే: ఈ బడిలోనే ఆరు పెట్టాలి, దానికొక టీచరు రావాలి.

ట్రస్టు సెక్రెటరీ కోదండరాంకి మద్రాసు పురసవాక్కంలో బట్టల కొట్టు. ఈ అరవ ఊళ్లో మన తెలుగు మాట్లాడే మనిషి, మన బాధ తెలియకపోతుందా అని రాసాత్తి పిచ్చి నమ్మకం.

"బడికి డబ్బులిచ్చే బొంబాయి కంపెనీ మేడం వస్తా ఉంది. టీచరు కోసం నువ్వే అడుగు ప్రెసిడెంటమ్మా. తెలుగులోనే అడుగు, నేను ఇంగ్లీషులో చెప్తా," అన్నాడాయన. "ఒకటే, పిల్లకాయలు మీ రొయ్యల పని స్టేజీ మీద ఆడి చూపించాల. వాళ్లకి కల్చర్ అంటే శానా ఇష్టం."

"మా పాప నోట్లో బుట్ట పెట్టనని ఒట్టేసుకున్నా సార్."

"ఆటకే గదమ్మా! టీచరు వద్దా ఏమి?"

కావాలి. కావాలి గనకే ఆ తల్లి తన చేత్తోనే చిన్న బుట్ట అల్లి కూతురి పళ్ల మధ్య పెట్టింది.

నాలుగు బెంచీలు కలిపి స్టేజీ అన్నారు. పిల్లల నడుములకు ఆకులు కట్టారు. ఛీ, వాళ్ల అవ్వలు కూడా ఏనాడూ ఆకులు కట్టి ఎరగరు! మేడం మురిసిపోయి ఫొటోలు తీసుకుంది. ఆ తర్వాత రాసాత్తి మైకు అందుకుంది.

"అమ్మా, మా పని మేం మర్చిపోం. అది మా ఒంట్లోనే ఉండాది. మాకు ఆరో క్లాసుకి ఒక టీచరమ్మని ఇయ్యండి. నా బిడ్డ ఏట్లో దిగగూడదు."

కోదండరాం ఇంగ్లీషులో చెప్పాడు. మేడం కళ్లు తుడుచుకుని, రాసాత్తి చేతులు పట్టుకుని సరేనంది. అందరూ చప్పట్లు కొట్టారు. రాసాత్తి సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఇంటిదారిలో సునయన నడుముకున్న ఆకులు పీకి పారేస్తూ నడిచింది.

"ఏమే, మొహం అట్ట పెట్టుకున్నావు? టీచరు వస్తా ఉంది గదా!"

"రాదుమా. నువ్వడిగింది టీచరమ్మని. ఆయప్ప ఇంగ్లీషులో వేరే చెప్పినాడు. మా కల్చర్ చచ్చిపోతా ఉంది, ఆడుకునేదానికి మంచి స్టేజీ కట్టియ్యండని నువ్వడిగినావంట."

ఆ కాస్త ఇంగ్లీషూ ఆ బడే నేర్పింది.

మర్నాడు రాసాత్తి పురసవాక్కం కొట్టుకే పోయి నిలదీసింది. కోదండరాం చీర మడత పెడుతూనే చెప్పాడు. "టీచరంటే నెలనెలా జీతం. వాళ్లు కంటికి కనబడేదానికే ఇస్తారు. ఈడ గొడవ చేస్తే ఉండే ఐదు క్లాసులూ పోతాయి, చూసుకో."

"నా నోట్లో మాట పెరికేసి నీ మాట పెడతావా? నీ నోట మన్ను పడ!"

కొట్టు వాళ్లు ఆమెను బయటికి నడిపించారు. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటుంది? ఆమె కమిటీకి ఆమే ప్రెసిడెంటు.

స్టేజీ లేచింది. రంగురంగుల టైల్స్, పైన రేకుల కప్పు, గోడకు నున్నటి రాయి. రాయి మీది అక్షరాలు సునయన చదివి చెప్పింది. "నీ పేరేసినారుమా. ప్రెసిడెంటు రాసాత్తి కోరినందుకే కట్టినారంట."

జూన్‌లో బళ్లు తెరిచారు. సునయన మాత్రం తల్లి వెనకే ఏట్లో దిగింది. స్టేజీ మీద ఆటకని అల్లిన చిన్న బుట్టే దాని పళ్ల మధ్య ఉంది.