చప్పుడు చేయని కెమెరా

ఇవాళ నార్కట్‌పల్లిలో ఒక పెళ్లికి పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాను సంచిలోనే ఉంచి, కొత్త మిర్రర్‌లెస్‌తో ఫోటోలు తీశాను. బరువు సగమే, అసలు చప్పుడే ఉండదు. పెళ్లికూతురు వాళ్ల అవ్వ అక్షింతల చెయ్యి జంట తలల మీదికి ఎత్తి, వేయకుండా అలాగే నిలబడిపోయింది.

"అయిపోయిందవ్వా, తీసిన."

"సప్పుడు రాలే గద బిడ్డా, ఎట్లయితది?"

పాతదాన్ని బయటికి తీసి నొక్కాను. టక్కుమంది. అప్పుడు గానీ అక్షింతలు రాలలేదు. వెనక నిలబడ్డవాళ్లు కూడా "మాకు గూడ గా పాతదాంతోనే తియ్యి" అన్నారు.

సాయంత్రం కిరాయి గదికి వచ్చాక ఈ ముచ్చట చెబుదామంటే ఎవరూ లేరు. పాతదాన్ని గోడవైపు తిప్పి ఊరికే రెండుసార్లు నొక్కి, ఆ టక్కు టక్కు విన్నాను.

కెమెరాకు చప్పుడెందుకు అని మొదట అనుకున్నవాడి ఇంటినిండా మనుషులు ఉండి ఉంటారు. మీరేమంటారు?