ముందుగా చెల్లించిన స్తోత్రం

పోయిన ఆదివారం ఆరాధన చివర్లో మా పాస్టరు అయ్యగారు ఈ ఏడు పరీక్షలు రాయబోయే పిల్లలను ముందుకు పిలిచారు. పిల్లలు తమ హాల్ టికెట్లు తెచ్చి, ప్రభువు బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ పైన పెట్టారు. సంఘమంతా లేచి వాటివైపు చేతులు చాపి ప్రార్థించింది. ఇది మా మందిరంలో ఈమధ్య వచ్చిన పద్ధతి. నా పక్కనున్న ఒక తల్లి ఆ పిల్లల్లో తన కొడుకును చూపించి నా చేయి పట్టుకుంది. "అమ్మా, మీ ప్రార్థనల జర యాదుంచుకోండ్రి. ఆ ఒక్క కాలేజీల సీటొస్తె సాలు, ఇంకేం అడగం దేవుణ్ణి" అంది. కాలేజీ పేరు రెండుసార్లు చెప్పింది. నా చేయి మాత్రం వదలలేదు. ఆ పిల్లవాడు బల్ల దగ్గర తలొంచుకుని, చొక్కా చివరి గుండీని వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు. ఆ గుండీ తిప్పడం చూశాక నాకు ప్రార్థన సాగలేదు. మా అన్న కూడా ఒకనాడు అచ్చం అలాగే నిలబడ్డాడు.

నా ఈడువాళ్లకు డెబ్బైల నాటి కాజీపేట గుర్తుండే ఉంటుంది. ఆరేసిన తెల్లబట్టల మీద బొగ్గు నుసి, కూత వినగానే అది ఏ బండో చెప్పగల ఆడవాళ్లు, డ్యూటీ దిగివచ్చిన మగవాళ్లు పగటిపూట నిద్రపోతారని గొంతు తగ్గించి ఆడుకునే పిల్లలు. మా బాపు గూడ్సు బండి గార్డు. బండి చివరి పెట్టెలో, పచ్చజెండా ఎర్రజెండా పక్కన పెట్టుకుని, ముందు ఇంజను ఎక్కడికి లాగితే అక్కడికి పోయే ఉద్యోగం. రైల్వే క్వార్టర్ల వెనుక పెంకుల కప్పుతో మా మందిరం ఉండేది. ఖలాసీలు, గార్డులు, దవాఖాన నర్సమ్మలు, బడిపంతుళ్లు అందరం ఒకే చాపల మీద కూర్చునేవాళ్లం. హార్మోనియం వాయించేది మా అన్న. ఎవరూ నేర్పకుండానే పట్టుబడిన విద్య అది. ముసలివాళ్లు శ్రుతి తప్పితే తను కూడా వాళ్ల శ్రుతిలోకే దిగి, పాట రెండో చరణానికి వచ్చేలోపు ఎవరికీ తెలియకుండా అందర్నీ పైకి తెచ్చేవాడు. ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు వాక్యాలతో పాటు ఎక్కాలు కూడా రాగం కట్టి నేర్పేవాడు. పంతులు కావాలని అన్న కోరిక. ఆ మాట అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే మా కాలనీలోకి మద్రాసులోని ఆ పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ పేరు వచ్చింది. ఆఫీసర్ల బంగళాల్లో ఒకాయన కొడుకుకు అక్కడ సీటు దొరికింది. ఆ అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు భుజాన వేసుకున్న సంచి మీద కాలేజీ పేరు ఉంటే, మేము పిల్లలం దగ్గరికి పోయి ఆ అక్షరాలు తాకి చూశాం. పెళ్లీడు ఆడపిల్లలున్న తల్లులు ఆ బంగళా ముందునుంచి పోయేటప్పుడు చెంగు సర్దుకునేవారు. ఒకరోజు స్టేషనులో, గార్డులను కన్నెత్తి చూడని ఒక పెద్ద ఆఫీసరు, తన గదిలో ఉన్న ఒక్క కుర్చీని ఆ అబ్బాయి వైపు జరిపి కూర్చోమనడం మా బాపు చూశాడు. అంతకాలం ఉద్యోగంలో తనను ఎవరూ కూర్చోమనలేదని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు. కోపంగా కాదు, ఏదో దారి కనబడ్డ మనిషిలా చెప్పాడు. మా వరంగల్లులోనే పేరున్న ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదివేవారు. ఆ కుర్చీ సంగతి తర్వాత అది కూడా బాపు కంటికి ఆనలేదు.

అన్న లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు కాబట్టి బాపు ఆశకు ఆధారం లేదని అనలేను. మద్రాసునుంచి పుస్తకాలు తెప్పించిన తీరు ఇప్పటికీ మరవలేను. ఒక గార్డు మద్రాసులో కొని బెజవాడలో ఇంకో గార్డుకు ఇస్తే, ఆయన డోర్నకల్లులో మరొకరికి ఇస్తే, అలా చేతులు మారుతూ, చివరి పెట్టెలో జెండాల పక్కన ప్రయాణం చేసి అవి మా ఇంటికి వచ్చేవి. అన్న ముఖం కూడా చూడని మనుషులు, తమ బిడ్డ చదువే అన్నట్టు వాటిని వానకు తడవకుండా తెచ్చి ఇచ్చారు. హార్మోనియం మందిరం బీరువాలోకి పోయింది. సీటు వచ్చేదాకా దాన్ని తీయవద్దని బాపు అడిగితే సంఘం ఒప్పుకుంది. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్లంతా అన్న పేరెత్తి మోకరించేవారు. ఆదివారం పాటలు శ్రుతి లేక ఎటో పోతుంటే అన్న చాప మీద వేళ్లు కదుపుతూ కూర్చునేవాడు.

హైదరాబాదులో ఆ కాలేజీ ప్రవేశ పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే, బాగా రాయలేదని అన్న చెప్పబోయాడు. బాపు చేయి అడ్డం పెట్టాడు. అడిగినదాన్ని అప్పుడే పొందామని నమ్మి ముందుగా కృతజ్ఞత చెల్లించడమే విశ్వాసమని మా సంఘంలో బోధ. జబ్బులకూ, బదిలీలకూ అలా ముందే స్తోత్రం చెల్లించి మేలు పొందినవారు మా మధ్య ఉన్నారు. అందుకని ఫలితాలు రాకముందే బాపు కృతజ్ఞత కూడిక పెట్టాడు. ఫలితం వచ్చినంక చేద్దామని అప్పటి అయ్యగారు నెమ్మదిగా అంటే, "చూసినంక నమ్మేదానికి విశ్వాసమెందుకు అయ్యగారూ?" అన్నాడు.

మందిరం ముందర కట్టెల పొయ్యిల మీద బగారన్నం, మటన్ కూర వండారు. బాపు లేచి, నా కొడుకుకు సీటిచ్చిన దేవునికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పాడు. అయిపోయినదానిలా చెప్పాడు. పెద్దలు అన్న తలమీద చేతులుంచారు. అన్న తలొంచుకుని, చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. భోజనాల దగ్గర మా పక్క క్వార్టరు ఖలాసీ మామ భార్య, మేమంతా అత్తమ్మ అని పిలిచే ఆమె, వేళాకోళానికి దిగింది.

"ఓ ఇంజనీరూ, మా ఇంట్ల ఫ్యాను తిరుగుతలేదు. మద్రాసుకెల్లి ఎప్పుడొచ్చి జేస్తవు?"

"ఫ్యాను జేసుడు నాకు ఇప్పుడే వస్తది అత్తమ్మా. దానికి మద్రాసుదాక ఎందుకు, రేపు పొద్దుగాల్ల వస్త" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. బాపు మరీ నవ్వాడు. అన్న మాత్రం విస్తట్లో అన్నాన్ని కలిపి కలిపి వదిలేశాడు. మర్నాడు పోయి ఫ్యాను బాగుచేసి వచ్చాడు.

ఫలితాలున్న పేపరును సికింద్రాబాదునుంచి ఒక గార్డు తెచ్చి ఇచ్చాడు. అందులో అన్న నంబరు లేదు. బాపు వేలుపెట్టి పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి వెతికి, పేపరును చక్కగా మడిచి అమ్మకు ఇచ్చాడు.

పరీక్ష తప్పడం ఏ ఇంట్లోనైనా ఉండేదే. మా ఇంటికి వచ్చిన కష్టం వేరు. చెల్లించిన స్తోత్రాన్ని వెనక్కి తీసుకునే ప్రార్థన మా సంఘంలో లేదు. దేవుడు మాట తప్పాడని ఎవరూ అనలేరు, నేనూ అనను. అప్పుడు తప్పు పట్టడానికి మిగిలింది అన్న ఒక్కడే. మొదట కొన్నాళ్లు ఎవరూ ఏమీ అడగకుండా దయగా తప్పుకుని తిరిగారు. తర్వాత ఒక సంఘ పెద్ద, ప్రేమతోనే, ఏ పాపం అడ్డుపడిందో దేవుని ముందు ఒప్పుకొమ్మని అందరి ఎదుటా అన్నను అడిగాడు. ఇంటికి వచ్చాక బాపు కూడా అదే అడిగాడు. "నీ మనసుల ఏం అనుమానముండెరా?" అన్నాడు.

"అనుమానమేం లేదు బాపూ. నాకు ఆ లెక్కలు రాలే. అంతే" అన్నాడు అన్న.

అంత చిన్న మాటను నమ్మడానికి మా ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. ఆ తర్వాత ఏళ్లతరబడి అన్న మందిరంలో అడుగుపెట్టలేదు. అమ్మను సైకిలు మీద తెచ్చి గేటు దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా ప్రహరీ అవతల కూర్చునేవాడు. మేము లోపల పాడుతుంటే గోడ మీదినుంచి తన తల పైభాగం మాత్రం కనబడేది. మళ్లీ బీరువా తెరిచేసరికి హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి.

అన్న హనుమకొండలో డిగ్రీ చదివి, పంతులు శిక్షణ పూర్తిచేసి, ఎనభైల మొదట్లో ధర్మసాగర్ దగ్గర సర్కారు బడిలో లెక్కల పంతులుగా చేరాడు. తను మనసారా కోరుకున్నది అదే. చిత్రమేమిటంటే, ఆ ఉద్యోగానికి మా ఇంట్లో కృతజ్ఞత కూడిక జరగలేదు. రాని సీటుకు సంఘమంతటికీ అన్నం పెట్టినవాళ్లం, వచ్చిన మేలుకు ఒక్క చిన్న స్తోత్రమైనా పైకి చెప్పలేకపోయాం. బాపుకు ఆ సంగతి తెలుసు. రైల్వే దవాఖానలో చివరిసారి మంచం పట్టినప్పుడు, "పెద్దోని నౌకరికి కూడిక పెట్టలేదు గదా మనం" అన్నాడు అమ్మతో. అమ్మ, లేచినంక పెడదామంది. బాపు లేవలేదు. అంత్యక్రియల రోజు మందిరంలోకి బాపు శవపెట్టె వెంట వచ్చిన అన్న, పాట శ్రుతి తప్పితే వెనకనుంచి అందుకుని పైకి తెచ్చాడు. సమాధి తోట నుంచి నేరుగా ధర్మసాగర్ వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా మందిరానికి స్లాబు కప్పు వచ్చింది, చాపలు పోయి కుర్చీలు వచ్చాయి. అప్పట్లో కాలనీ మొత్తంలో ఏ ఒక్క ఇంటికో పట్టిన ఆశ ఇప్పుడు ఇంటింటికీ పట్టింది. హనుమకొండ వీధుల్లో ఏ గోడ చూసినా ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలే. దేవుడు అడిగినది ఇస్తాడని నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే. బైబిల్లో, గుడిలో ఏడ్చి బిడ్డను కన్న హన్నా, ఆ బిడ్డను తిరిగి దేవునికే అప్పగించింది. మేము మా బిడ్డను దేవుని బల్ల దగ్గరికే తీసుకుపోయి, ఒక కాలేజీ పేరుకు అప్పగించి వచ్చాం.

రిటైరై చాలా కాలమైనా అన్న ఇప్పటికీ ధర్మసాగర్‌లోనే ఉన్నాడు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యే వేళకు నాకు ఫోను చేస్తాడు. ఇయ్యాల ఏం పాట పాడిన్రు చెల్లే అని అడుగుతాడు. నేను మొదటి చరణం చెబితే అవతలినుంచి రెండోది సన్నగా వినిపిస్తుంది. పోయిన ఆదివారం నేను పాట సంగతి వదిలి, బల్ల మీది హాల్ టికెట్ల సంగతీ, నా చేయి వదలని ఆ తల్లి సంగతీ చెప్పాను.

"ఆ పిలగాని పేరేంది?" అని అడిగాడు అన్న.

కాలేజీ పేరు నా నాలుక మీదే ఉంది. పిల్లవాడి పేరు ఆ తల్లి చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పెంకుల మందిరంలో మేము ఎన్ని పొరపాట్లు చేసినా, మోకరించినప్పుడు పేరు తెలియకుండా ఎవరికోసమూ ప్రార్థించలేదు.