మామ పలకలో ఏడో గడి

నాకు బీపీ ఉందని తేలి రెండు నెలలైంది. ముప్పై ఏడేళ్లకే ఇదేమిటని డాక్టరును అడిగితే ఉప్పు, ఊరగాయ తగ్గించమన్నాడు. నంద్యాలలో పుట్టి పెరిగినదానికి ఆ రెండూ తీసేస్తే కంచంలో ఇంకేం మిగులుతుందో మాత్రం చెప్పలేదు. మొన్న శనివారం మాత్రల కోసం మందుల షాపుకు వెళ్లాను. షాపతను బిల్లు రాస్తుంటే ఊరికే నిలబడలేక డబ్బాను చేతిలో తిప్పుతున్నాను. బొటనవేలికి అట్ట మీద ఏవో బుడిపెలు తగిలాయి. వెలుతురుకు వంచి చూస్తే మందు పేరు కింద వరసగా చుక్కలు. బ్రెయిలీ. చదవబోయాను. మొదటి రెండు అక్షరాలు గుర్తొచ్చాయి, మూడోది రాలేదు. వెనక నిలబడ్డ పెద్దాయన "ఏందమ్మా, డేటు అయిపోయిందా?" అని అడిగాడు. లేదని చెప్పి డబ్బా సంచిలో వేసుకున్నాను. ఇల్లు చేరేదాకా నా మనసు మాత్రం పదిహేనేళ్ల కిందటి ఒక మిషన్ చుట్టూ తిరుగుతూనే ఉంది.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, పుట్టుకతోనే చూపు లేనివాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల వెనక వీధిలో అమ్మమ్మతో ఉండేవాడు. పొద్దున లేచింది మొదలు ఆ వీధంతా ఉలి చప్పుడే. చప్పుడును బట్టి ఏ షెడ్డులో ఎవరు పనిచేస్తున్నారో చెబుతానని మామ బడాయి పోయేవాడు. చిన్నప్పుడు పిల్లలం పరుగెత్తి వెళ్లి చూసొచ్చేవాళ్లం, సగం సార్లు తప్పే అయ్యేది. తప్పని చెబితే, "వాడు ఉలి మార్చినాడులే" అనేవాడు. చూపులేని పిల్లల బడిలో చదివి, డిగ్రీ చేసి, బీఈడీ కూడా పూర్తి చేసి, నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు ఆయన టీచరు ఉద్యోగం పరీక్షకు తయారవుతున్నాడు. ఆ పరీక్షకు నాలుగు లావు పుస్తకాలు. నాలుగూ చూపున్నవాళ్ల కోసం అచ్చేసినవే. ఎవరైనా చదివి వినిపిస్తే మామ వరసకు ఇన్నని గడులున్న తన ఇనప పలకలో కాగితం బిగించి, గడికో అక్షరం చొప్పున, గుండ్రటి మొన ఉన్న సూదితో ఒక్కో చుక్కా పొడుచుకుంటూ రాసుకోవాలి. కాగితం కూడా మామూలుది పనికిరాదు, చిరిగిపోతుంది. పాత క్యాలెండర్లు కావాలి. అమ్మమ్మ ఇంట్లో ఒక మూలంతా ఆ క్యాలెండర్ కాగితాలే. ఒకవైపు లక్ష్మీదేవి, రెండోవైపు పిల్లల మనస్తత్వ శాస్త్రం. అమ్మవారి ముఖమంతా అమ్మవారు పోసినట్టు చుక్కలు పడి ఉండేవి.

కంప్యూటర్లో టైపు చేస్తే బ్రెయిలీ కొట్టి ఇచ్చే మిషన్ చేద్దామన్న ఆలోచన నాది. చేతి పనంతా మా అన్నది. అన్న అంటే మా పెదనాన్న కొడుకు, నాకంటే ఐదు నెలలు పెద్ద, ఒకే కాలేజీ, ఒకే క్లాసు. స్క్రూడ్రైవర్ చేతికిస్తే చాలు, వాడిని చూస్తూ కూర్చోవచ్చు. మాటకారి కూడా. లెక్చరర్లు మొదలుకుని క్యాంటీన్ ఆమె దాకా అందరూ వాడివైపే. నేను ప్రోగ్రాం రాసేదాన్ని, వాడు పాత ప్రింటరు ఒకటి విప్పి దాని చట్రంలో, బ్రెయిలీ అక్షరానికి ఆరు చుక్కలు గనక, ఆరు సూదులు బిగించాడు. ఒక్కో సూది వెనక ఒక్కో తీగచుట్ట, కరెంటు అందగానే అది సూదిని ముందుకు తన్నాలి. బజారులో దొరికిన సూదులు కాగితానికి చిల్లులు పొడిచాయి. ఆళ్లగడ్డలో ఉలులకు పదును పెట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, ఇంతకాలం పదును పెట్టమనేవాళ్లనే చూశాను గానీ మొద్దు చేయమనేవాళ్లను మిమ్మల్నే చూస్తున్నానని నవ్వి, మొనలు గుండ్రంగా సానబట్టి, కాల్చి నీళ్లలో ముంచి ఇచ్చాడు. కాగితం కింద మెత్త కోసం హవాయి చెప్పు కోశాం, సైకిల్ ట్యూబు వేశాం. చివరికి ఒక రైస్‌మిల్లులో పారేసిన బెల్టు ముక్క సరిగ్గా కుదిరింది. కాగితాలు మాత్రం మామ వాడే పాత క్యాలెండర్లే.

మొదటి కాగితం తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కిన రోజు నాకు బాగా గుర్తు. చుక్కలు అణిగిపోకుండా చీర అట్టపెట్టెలో పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కావిడ సంచి దానికి ఆనిస్తుంటే కసిరాను కూడా. మామ కాగితం మీద వేలు పెట్టి ఒక వరస పోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ పోయాడు. "ఏందిది పాపా, ఎవురి భాష ఇది?" అన్నాడు. సూది పైనుంచి పొడిస్తే చుక్క కాగితం అవతలి వైపు లేస్తుందనీ, తిప్పితే అక్షరాలన్నీ తారుమారవుతాయనీ మాకు తట్టనే లేదు. పలక మీద కుడి నుంచి ఎడమకు తిరగేసి రాయాలని చూపులేని పిల్లల బడిలో ఒకటో తరగతి వాళ్లకు కూడా తెలుసట. "నాలుగేండ్లు ఏం నేర్పిచ్చినార్రా మీకు ఆడ?" అని మామ పడీపడీ నవ్వాడు. తర్వాత ప్రతి ఆదివారం నేను కాగితాలు మోయడం, ఆయన వేలు పెట్టి తీర్పు చెప్పడం. ఒకవారం చప్పగా ఉందనేవాడు, ఒకవారం గుచ్చుకుంటోందనేవాడు. అక్షరానికీ అక్షరానికీ ఎంత ఎడం ఉండాలో కొలుచుకోవడానికి తాను పొడిచిన నోట్సు కాగితాలు నాలుగు అన్నకు పంపించాడు.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, మామ పలకను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించాడు. "మీరు కొట్టిస్తాండారు గదా. ఇంగ నేనెందుకు వేళ్లు నొప్పి పెట్టుకోవల్ల?" అన్నాడు. పరీక్ష ఎండాకాలంలో. నాలుగు పుస్తకాలూ ఫిబ్రవరి ఆఖరుకల్లా కొట్టి ఇస్తామని మాటిచ్చింది నేనే. మధ్యాహ్నం భోజనం మానేసి ల్యాబులో కూర్చుని ఒకటిన్నర పుస్తకం అప్పటికే టైపు చేశాను. ఆ మాట ఇచ్చినప్పుడు నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

ఫిబ్రవరి మధ్యలో కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శన వచ్చింది. మా మిషన్ దగ్గర మామ స్వయంగా కూర్చుని అందరి ముందూ చదవాలని అన్న ఏర్పాటు చేశాడు. ముందు రోజు సాయంత్రం ఒక తీగచుట్ట కాలి పొగ వచ్చింది. "నేను చూసుకుంటాలే, నువ్వు పొద్దున్నే పోయి మామను పిల్చకరా" అన్నాడు వాడు. పొద్దున మేం వచ్చేసరికి "బాగైపాయె" అని చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. జడ్జీలు ముగ్గురు వచ్చారు. సూదులు టకటకా కొట్టుకున్నాయి, కాగితం మెల్లగా పాకుతూ బయటికొచ్చింది. అన్న దాన్ని తీసి మామ చేతికిచ్చాడు. పిల్లలు తప్పులు చేస్తూ ఎలా నేర్చుకుంటారో ఆ పేజీలో ఉంది. మామ మొదటి వరస గడగడా చదివాడు. రెండో వరసలో వేలు ఒకచోట ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ కదిలింది. తర్వాత పేజీ చివరిదాకా ఎక్కడా ఆగలేదు. ఎలా ఉందని ఒక జడ్జి అడిగితే, "అక్షరం బాగుంది సార్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి మాకే వచ్చింది. నేను మామ భుజం పట్టుకుని ఏడ్చేశాను.

తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు ఊరు దాటింది. తర్వాత, "పాపా, ఆ కాగితం నాది" అన్నాడు.

"నీ కోసమే గదా మామా కొట్టింది" అన్నాను అర్థం కాక.

"కొట్టింది గాదు. నేను పొడిసింది. నా పలక ఒకసారి బండ మీద పడి ఏడో గడి వంగింది. ఏ వరసలోనైనా ఏడో అక్షరానికి కింది చుక్క పక్కకు జరుగుతాది. అది నా రాతలో తప్ప ఇంగ యాడా ఉండదు."

అప్పుడర్థమైంది. అన్న మిషన్ బాగుచేయనే లేదు. అక్షరాల ఎడం కొలుచుకోమని మామ పంపిన కాగితాల్లో ఒకదాన్ని లోపల పెట్టి, ఊరికే సూదులు ఆడించి బయటికి లాగాడు. చూపున్న మా అందరి కళ్లూ కప్పాడు. "నీకు తెలుసునా?" అని అడిగాడు మామ. తెలియదు మామా, అమ్మతోడు అన్నాను. "సరే" అన్నాడు. మరి అక్కడే ఎందుకు చెప్పలేదంటే, "నీ మార్కులు గూడా దాంట్లోనే ఉండాయి గదా" అన్నాడు.

మరునాడు ల్యాబులో అన్నను పట్టుకుని కడిగేశాను. వాడు తలెత్తకుండా వైర్లు చుట్టుకుంటూ, "తీగచుట్ట యాడా దొరకల్యా. ఏం చేయమంటావు?" అన్నాడు. నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. "నీకు చెప్తే నీ మొగమే చెప్పేస్తాది అందరికీ" అన్నాడు. మామ కనుక్కున్నాడంటే మాత్రం చేతులు ఒక్క క్షణం ఆగాయి. "నోరు తెరవలేదు గదా. ఇంగేం?" అని మళ్లీ చుట్టుకోసాగాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా మంచం పక్కనే కూర్చుని బొమ్మలు గీసి చూపించినవాడు. వాడి నోట ఆ మాట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు.

బహుమతి వచ్చిన మిషన్‌ను డిపార్టుమెంటు గుమ్మంలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. బయటికి తీయించి బాగుచేయాలంటే అది పనిచేయడం లేదని చెప్పాలి. ఆ మాట చెబితే బహుమతి పోతుంది, మార్కులు పోతాయి, అన్నకు అప్పటికే ఖాయమైన ఉద్యోగం పోతుంది. హెడ్డుగారి గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ వెనక్కి తిరిగాను. నేను కూడా నోరు విప్పలేదన్న సంగతి దాచుకుని ఈ కథ చెప్పడం న్యాయం కాదు. బీరువా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా తల దించుకునేదాన్ని. మామ అటక మీది పలక దించుకున్నాడు. ఆదివారాలు నేను వెళ్లి చదివితే ఆయన పొడుచుకున్నాడు. నెల రోజులు అప్పటికే చేజారాయి, నాలుగు పుస్తకాల్లో రెండే పూర్తయ్యాయి. ఉద్యోగం రాలేదు. తర్వాతి నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి చూసి చూసి, ఒక విగ్రహాల షెడ్డులో ఫోన్లు ఎత్తి ఆర్డర్లు రాసుకునే పనికి కుదిరాడు. ఏ ఊరి వినాయకుడికి ఎన్ని అడుగులో ఇప్పటికీ ఆ పలక మీదే పొడుచుకుంటాడు.

అన్న ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఇంట్లో ఏ పెళ్లి జరిగినా భోజనాలయ్యాక పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, మా మామ కోసం మేం మిషన్ చేసినామని మొదలుపెడతాడు. సూదులు, రైస్‌మిల్లు బెల్టు, చప్పట్లు, అన్నీ చక్కగా చెబుతాడు. అదే నిజమని ఇప్పుడు వాడు కూడా నమ్ముతున్నాడేమో నాకు తెలియదు. "అంతే గదా మామా?" అని అడిగితే, పక్క కుర్చీలో మామ తలాడిస్తాడు. నేను లేచి అవతలికి పోయేదాన్ని. అయినా మామకు నిజం తెలుసు, నేను ఏ పాపం ఎరుగనని కూడా తెలుసు, అది చాలనుకుని సర్దుకునేదాన్ని. అది ఒక్కటే నాకు మిగిలిన ధైర్యం.

నిన్న ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాను. షెడ్డులో ఉలులకు సెలవు, మామ ఒక్కడే బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఇన్నేళ్లలో ఆ విషయం మళ్లీ ఎత్తలేదు మేమిద్దరం. నేనే ఎత్తాను. "ఆ పొద్దు బస్సులో నాకు తెలీదంటి గదా. నమ్మినావు గదా మామా?" అని, అవునంటాడన్న ధీమాతోనే అడిగాను.

మామ చేతిలోని కాయ ఒలవడం ఆపాడు. "నమ్మలే పాపా" అన్నాడు.

"ఎందుకు మామా?" అన్నాను.

"మిషన్ మీ ఇద్దరిదీ. వాడొక్కడే ఎట్ల చేస్తాడని అనుకున్యా. మార్కుల కోసం బయపడి నువ్వు గూడా చేయి కలిపింటావులే, చిన్నపిల్ల గదా అని ఆ పొద్దే ఇడిసిపెట్నా."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఆపిన కాయను మళ్లీ ఒలిచి, గింజలు నా చేతిలో పోశాడు. నిజంగానే నాకు తెలియదని మళ్లీ చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. ఈసారి నమ్మాడనే అనుకుంటున్నాను. కానీ పరీక్ష దాకా ఆ ఆదివారాలన్నీ ప్రేమతో గొంతు పోయేలా నేను చదివి పెట్టినదంతా, ఆయన తప్పు దిద్దుకోవడానికి వచ్చిన పిల్ల చదువుతున్నట్టే విన్నాడు. నా పెళ్లిలో అక్షింతలు వేసినప్పుడు, నా బిడ్డను ఎత్తుకున్నప్పుడు కూడా క్షమించే వేశాడు, క్షమించే ఎత్తుకున్నాడు. నేను చేయని తప్పుకు అంత పెద్ద మనసు ఖర్చు పెట్టాడు. అన్న ఆ రోజు కాగితం ఒక్కటే మార్చాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. జరిగి పదిహేనేళ్లయింది, వాడి మీద నాకు అసలైన కోపం నిన్ననే మొదలైంది.