వహీద్ అడగని ముగ్గుపిండి

కల్వకుర్తి బస్టాండు దగ్గర నాది చాయ్ హోటల్. నా గోడకు ఆనుకునే వహీద్ తుపాకుల మరమ్మతు దుకాణం. లైసెన్సున్న రైతుల తుపాకులే ముట్టేవాడు. ఏళ్ల తరబడి నా ముగ్గుపిండిని హారతి కర్పూరం చేశాడు ఆ మహానుభావుడు!

తుపాకీ గొట్టాన్ని నాలి అనేవాడు. కొత్త నాలి రాగానే కిరసనాయిలు పట్టించి, శుభ్రంగా తుడిచి, పైన నా ముగ్గుపిండి చల్లేవాడు. పగులుంటే అందులో ఇంకిన నూనె తెల్లటి పిండి మీద తడిగీతలా తేలుతుంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గేద్దామంటే డబ్బా ఖాళీ! తిట్టేదాన్ని. పళ్లికిలించేవాడు.

కొందరు రైతులు పట్నంలో నీళ్ల పైపు కోసి తయారుచేసిన నాలి తెచ్చేవారు. వహీద్ దాన్ని బయటికి విసిరేసేవాడు. “పైపు నీళ్లకు, నాలి నిప్పుకు. గింత తెల్వదా?” అనేవాడు. పాత తుపాకీ నుంచి ఊడదీసినదైతే లోపల తుప్పు చూసి గానీ తీసుకోడు. ఉత్తరాది నుంచి, కార్ఖానాలో పరీక్షించినట్టు కొట్టిన ముద్రతో పార్సిల్‌లో వచ్చే నాలి అంటే మాత్రం అతనికి ప్రాణం.

ఎనభై ఏడు వానాకాలంలో అమ్రాబాద్ నుంచి కాటమయ్య వచ్చాడు. అతని తుపాకీ నాలిని తుప్పు తినేసింది. మక్కచేను పాలు పోసుకుంటోంది, అడవిపందులు మేస్తున్నాయి. ఏడాది తిండి అదే. వహీద్ ముద్ర నాలి తెప్పించి బిగించడానికి కూర్చున్నాడు. ఆ రోజు నన్ను పిండి అడగలేదు.

నాకు ఒళ్లు మండింది. “ఏందయ్యా, నా పిండి గియ్యాల చేదైందా?”

“ముద్రున్నదక్కా. ఇంకేం గావాలె?”

“పేలితే ముద్ర కాడ పేలదు, గీయన చెంప కాడ పేల్తది!”

“బస్సు పోతదక్కా, జర ఊకో,” అన్నాడు కాటమయ్య.

నేను ఊరుకునే రకమా? డబ్బా తెచ్చి వహీద్ ముందు ఠపీమని పెట్టాను. గొణుక్కుంటూనే కిరసనాయిలు పట్టించి, తుడిచి, పిండి చల్లాడు. ముగ్గురం చాయ్ తాగాం. గ్లాసులు దించేసరికి మందు పేలే చోట వెంట్రుకంత తడిగీత కనిపించింది.

“యా అల్లా! నా చేతులతోని ఇచ్చేటోన్ని గదా,” అంటూ వహీద్ ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు.

“బతికిన సాయిబూ. కానీ నా చేనో?” అన్నాడు కాటమయ్య. ఇంకో ముద్ర నాలి వచ్చేసరికి చేలో కంకులు మిగలవు.

వహీద్ లేచాడు. పగిలిన నాలి చంకన పెట్టుకుని, దుకాణానికి తాళమేసి, కాటమయ్యతోపాటే బస్సెక్కాడు. ఆ నాలిని మంచెకు వేలాడదీసి, కంకులు ముదిరేదాకా ఇద్దరూ వంతులవారీగా ఇనుప కడ్డీతో వాయించారట. పగిలిన కుండలా గరగరమనే ఆ మోతకు పందులు పొలిమేర దాటాయట. మా వహీద్‌కు వాయిద్యం కూడా వచ్చని అప్పుడే తెలిసింది!

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ బస్తాడు కంకులు మోసుకొచ్చారు. నా పొయ్యి మీదే కాల్చి, తొలి కంకి కాటమయ్య నా చేతిలో పెట్టాడు.

“తిను అక్కా. నీ పిండితోని పండింది,” అని నవ్వాడు.

ఆ నవ్వే చెంప వైపు చూశాను. చిన్న మచ్చ కూడా లేదు. అబద్ధమెందుకు, ఏడ్చేశాను. వహీద్ పోయి, నా ఖాళీ డబ్బా నిండా ముగ్గుపిండి పోసుకొచ్చాడు.