హిల్కా చెక్క చెప్పులు

మా హెడ్‌మిస్ట్రెస్ హిల్కాకు ఉన్న పిచ్చి ఒక్కటే, చెక్క చెప్పులు. ఫిన్లాండ్ బడుల్లో బూట్లు గుమ్మం దగ్గరే విప్పేస్తాం. పిల్లలూ పంతుళ్లూ మేజోళ్లతో పిల్లుల్లా తిరుగుతారు. హిల్కా మాత్రం టకటకా, టకటకా! ఆవిడ మేడమెట్లు దిగుతుంటే బడి వంటింట్లో నా గిన్నెల మూతలు ఉలిక్కిపడేవి.

నేను ఆరో తరగతితో చదువు కట్టిపెట్టినదాన్నే. అయినా నా మాట కాదని ఆ బడిలో గంటె ముట్టుకున్న మొనగాడు లేడు. కాబట్టి మొహం మీదే అడిగాను.

"ఏమ్మా హిల్కా, నీకు మేజోళ్లు కరువా?"

"కాళ్లు చల్లబడతాయి కెర్తూ."

"చెక్క వెచ్చగా ఉంటుందా?"

"డాక్టరు వేసుకోమన్నాడు."

మరో వారం అడిగితే అవి వాళ్ల అమ్మమ్మవంది. ఆ తరవాత అడిగితే అరికాళ్లు చదునంది. అబద్ధం కూడా సరిగ్గా ఆడడం రాని మనిషి!

"కాఫీ పోయండర్రా, గుర్రం బయల్దేరింది," అనేవాడు లెక్కల మాస్టారు ఉర్హో. గుర్రం పంతుళ్ల గదికి చేరేలోపు, దాని మీద చెప్పుకుంటున్న కబుర్లు మంచు మీదకు మళ్లేవి.

ఆవిడకు ముందున్న హెడ్‌మాస్టరు, వెయ్యో అనే పెద్దమనిషి, ఉన్ని మేజోళ్లవాడు. చప్పుడు లేకుండా వచ్చి తలుపు పక్కన నిలబడి, చూసిందీ విన్నదీ అంతా మీటింగులో కక్కేవాడు. పంతుళ్లు తలుపుల అద్దాలకు కాగితాలు అంటించుకున్నారు. హిల్కా వచ్చి రెండేళ్లయినా ఒక్కరూ ఊడదీయలేదు.

ఆ ఏడు సాతు అనే కుర్ర పంతులమ్మ కొత్తగా వచ్చింది. వసంతంలో ఉద్యోగం ఖాయమవ్వాలి. క్లాసేమో చేయి దాటిపోయింది.

"హిల్కాకు చెప్పవే," అన్నాను.

"చెప్తే చేతకానిదాన్నని పంపేస్తారు పెద్దమ్మా. మీరూ ఆవిడతో అనకండి."

ఒక గురువారం బఠాణీ సూపు దించి, రొట్టెల బుట్టతో వసారాలోకి వచ్చాను. సాతు క్లాసులో సంత జరుగుతోంది. ఆ గోలలోంచి ఏడుపు వినబడింది, పిల్లలది కాదు. మలుపులో హిల్కా. నడవడం లేదు. ఉన్నచోటే నిలబడి చెప్పులు నేలకేసి కొడుతోంది. టక్. టక్. టక్.

"నిజంగానే గుర్రానివయ్యావా?"

"ష్! ఆ పిల్ల మొహం తుడుచుకోవాలి. కాస్త టైమివ్వు."

"అయితే ఇన్నాళ్లూ ఈ మోత..."

"నేను వస్తున్నట్టు వాళ్లకు తెలియాలి కెర్తూ. తెలియకుండా వచ్చేవాళ్లను ఎవరు నమ్ముతారు?"

లోపల గోల అణిగింది. హిల్కా నత్తలా, కానీ నానా రభస చేస్తూ, ఆ తలుపు దాటి ముందుకు పోయింది. నాకు ఒళ్లు మండింది. ఇంత తతంగం చేసి దాటిపోవడమేంటి!

అప్పుడు తలుపు తెరుచుకుంది. ముక్కు ఎర్రగా ఉన్న సాతు.

"హిల్కా! నా వల్ల కావడంలేదు. కాసేపు లోపల కూర్చుంటారా?"

హిల్కా వెనక్కి వచ్చి చెప్పులు గుమ్మం బయటే విడిచింది. ఎడమ మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికి చూసింది. పిల్లలు పకపకా నవ్వారు. సాతు కూడా నవ్వింది.

సాతు ఉద్యోగం వసంతంలో ఖాయమైంది. అద్దం మీది కాగితం మాత్రం అంతకు ముందే, ఆ సాయంత్రమే, తనే పీకేసింది. ఉర్హో కూడా పీకాడు, వెలుతురు చాలడం లేదని గొణుగుతూ. ఇప్పుడు ఏ గుమ్మం ముందు చెక్క చెప్పులుంటే ఆ గదికి కాఫీ పంపిస్తాను.

ఆ బొటనవేలు చూడలేక నేనే ఒక జత మేజోళ్లు అల్లి ఇచ్చాను. హిల్కా వేసుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, నాలుగడుగులు వేసి చెవి రిక్కించింది.

"బాగున్నాయి కెర్తూ. ఈసారి కాస్త పల్చగా అల్లు, చప్పుడు తగ్గుతోంది."