వీలునామాలో లేని చింతచెట్టు

ఆశ్రమ బడిలో మూడో తరగతి దాకా చదివాను. తర్వాత తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని మానిపించేశారు. మా ఆయనకి ఆ మాత్రం కూడా లేదు. అందుకని మా ఇంట్లో అక్షరం ఉన్న ప్రతిదీ నా చేతికే వచ్చేది. రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, కాఫీ బస్తాల చీటీలు, ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రల కవరు, ఏదైనా సరే నా ముందు పెట్టి, "ఏటుందో సూడు" అనేవాడు. నేను చెప్పింది నమ్మేవాడు. ఇంకొకరిని అడిగేవాడు కాదు. ఆ నమ్మకాన్ని నేను చెడ్డగా వాడుకున్నది ఒక్కసారే. అది వీలునామా రాయించిన రోజు.

వీలునామా ఆలోచన నాదే. పక్క ఊళ్ళో అన్నదమ్ములు గట్టు దగ్గర కొట్టుకుని స్టేషను దాకా వెళ్ళారు. మాకు ఇద్దరు కొడుకులు. కొండవాలున కాఫీ తోట, గెడ్డవాగు పక్కన రాగులు పండే చోడి చేను, పెంకుటిల్లు, అంతే మా ఆస్తి. పట్టా ఇద్దరి పేర్ల మీదా ఉంది కాబట్టి కాగితం కూడా ఇద్దరం కలిసి రాయాలన్నారు. మా ఆయనకి అప్పటికే మెట్ట ఎక్కితే ఆయాసం వస్తోంది. ఓపిక ఉన్నప్పుడే ఆ పని కానిచ్చేద్దామన్నాను. ఆయన సరే అని, ఒక్క మాట మాత్రం అడిగాడు.

"సింతసెట్టు మాట కూడా పడాల. నేల మనదే గాని సెట్టు గుంటది."

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆయన చెల్లెల్ని అలా పిలిచేవాడు. అరవై దాటిన మనిషిని కూడా ఆయన చివరిదాకా గుంట అనే అన్నాడు.

మా వైపు నేల ఒకరిది, దాని మీద చెట్టు ఇంకొకరిది కావడం కొత్త కాదు. చోడి చేను గట్టు మీద ఉన్న చింతచెట్టుని మా అత్తగారు పోయేముందు కూతురికి ఇచ్చింది. ఊరి పెద్దల ముందు నోటిమాటగా ఇచ్చింది. కాగితం ఏమీ లేదు. ఆడపడుచు మొగుడు పోయి, పిల్లలు లేక, గెడ్డ అవతల పుట్టింటి వారి పాకలోనే ఉండిపోయింది. ఏటా చింతపండు రోజుల్లో వెదురు గడ, బుట్ట పట్టుకుని వచ్చేది. పది పన్నెండు రోజులు రాల్చుకుని, పిక్క తీసి, అరకు సంతకి మోసుకెళ్ళేది. ఆమెకి ఏడాదిలో చేతికొచ్చే పెద్ద పంట అదే.

ఆ రోజుల్లో మధ్యాహ్నం మా అరుగు మీదే కూర్చుని అంబలి తాగేది. నేను పొదుపు మనిషిని. అంబలి పల్చగానే కాచేదాన్ని. ఆమె గిన్నెలోకి తొంగిచూసి, "ఒదినా, ఇందులో సోడిపిండి ఎక్కడుందో సూపించు, ఎతుక్కుని తాగుతాను" అనేది. ఊరికే వచ్చేదానికి ఉన్నదే ఎక్కువని నేను అనేదాన్ని. మంచం మీదినుంచి మా ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చెల్లెలి వైపు ఉండేది. అది నాకు గుచ్చుకునేది. ఆ చెట్టు నీడకి చేనులో రెండు మళ్ళు ఏనాడూ సరిగా పండలేదు. అది కూడా లోపల పెట్టుకున్నాను.

మండలాఫీసు పక్కన అరుగు మీద దస్తావేజులు రాసే లేఖరి ఒకాయన కూర్చుంటాడు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులుంటే సరిపోతుందని చెప్పాడు. నాకు ఆ మనిషి వెంటనే నచ్చాడు. మా ఆయన చెప్పుకుంటూ పోయాడు, లేఖరి చేత్తో రాసుకుంటూ పోయాడు. ఇద్దరిలో ఒకరు పోతే రెండోవాళ్ళు బతికినంతకాలం అనుభవించాలి. ఇద్దరి తర్వాత తోట పెద్దాడికి, చేను చిన్నాడికి, ఇల్లు ఇద్దరికీ. చివర చింతచెట్టు మాట. దాని కాపు నా చెల్లెలు బతికినన్నాళ్ళు ఆమెదే, ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

సాక్షుల్ని పిలుచుకు రావడానికి ఆయన సంత వైపు వెళ్ళాడు. ఈలోగా లేఖరి పక్కనున్న కంప్యూటర్ కొట్టులో టైపు కొట్టించి తెచ్చి, చెట్టు సంగతి రెండో పేజీలో పడిందన్నాడు. రెండు పేజీలైతే రెండింటి మీదా సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి, రాసిన ఖర్చు కూడా పెరుగుతుంది. ఉంచనా అని అడిగాడు.

తీసేయమన్నాను.

చెట్టు నేలతో పాటే ఉంటుంది, ఎవరు కాదంటారు, ఆమె ఎప్పట్లాగే వచ్చి కోసుకుంటుంది, కాగితం దండగ. లేఖరికి అలాగే చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను. కాగితం దండగ అన్నది నిజమే గాని, తీసేయమనడానికి అసలు కారణం అది కాదు. నా కొడుకుల కాగితంలో ఆమె పేరు ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

మా ఆయన ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. లేఖరి ఒక్క పేజీ ముందు పెట్టి, చదివి వినిపించమంటారా అన్నాడు. "నాను సదివినాను కదా" అన్నాను. మా ఆయన నా వైపు చూశాడు.

"సెట్టు మాట రాసినారా?"

"అన్నీ ఉన్నాయి. ఏలు పెట్టు."

లేఖరి తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ సిరా డబ్బా వైపు చూసుకున్నాడు. మా ఆయన బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కాడు. బస్సులో మరోసారి అడిగాడు, గుంట మాట ఉందా అని. ఉందన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మకిచ్చిన మాట నిలబడింది" అన్నాడు.

ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

దినం నాడు చుట్టాలందరూ ఉండగా పెద్దాడు కాగితం తీసి పైకి చదివాడు. ఆడపడుచు గుంజకి ఆనుకుని కూర్చుని వింది. తోట గురించి చదివాడు, చేను గురించి, ఇంటి గురించి చదివాడు. కాగితం మడుస్తుంటే ఆమె అడిగింది.

"అంతేనా?"

"అంతే అత్తా" అన్నాడు వాడు.

ఆమె నా వైపు చూసింది. నేను అన్నం ఉడికిందో లేదో చూడాలని లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాను. బయటికి వచ్చేసరికి ఆమె భోజనం చేయకుండానే వెళ్ళిపోయింది.

చింతపండు రోజులు వచ్చాయి. ఆమె రాలేదు. ఎవరూ రావద్దనలేదు. నా కొడుకులకి ఆ ఆలోచనే లేదు. "అత్త రానేదేటమ్మా, సెట్టు కింద పళ్ళు కుళ్ళిపోతన్నాయి" అని చిన్నాడు నన్నే అడిగాడు. ఒంట్లో బాగులేదేమో అన్నాను. ఇంకో ఏడు కూడా అలాగే గడిచింది. సంతలో ఎదురుపడితే, బాగున్నావా ఒదినా అని పక్కకి తప్పుకునేది. ఆమెకి పోయింది చింతపండు అనుకున్నాను మొదట. అన్న తనని తలుచుకోకుండా పోయాడని ఆమె అనుకుంటోందని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ మాట సరిచేయగలిగింది నేనొక్కదాన్నే. మా ఆయన లేడు, లేఖరికి గుర్తుండదు.

మూడో ఏడు నేనే రాల్చి, పిక్క తీసి, బుట్టకెత్తుకుని గెడ్డ దాటి వెళ్ళాను. ఆమె గుమ్మంలో అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది. బుట్ట దించాను.

"ఎవుల సెట్టుదొదినా ఇది?"

"నీదే."

"నా పేరు నేదు కదా."

చెప్పాను. రెండో పేజీ సంగతి, నేను తీయించిన సంగతి, ఆయన వేలు పెట్టకముందు ఒకసారి, బస్సులో ఒకసారి అడిగిన సంగతి. ఆమె చేతిలో ఆకు పట్టుకునే వింది. పుల్ల గుచ్చడం మాత్రం ఆగిపోయింది.

"అయితే అన్నయ్య సెప్పినాడు."

"సెప్పినాడు."

"నువ్వు రాసినామన్నావు."

"అన్నాను."

"అదే నమ్మి పోయినాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. బుట్టలో చింతపండు లోపల పోసుకుని, ఖాళీ బుట్టలో రెండు కుంచాల చోళ్ళు కొలిచి పోసి నా ముందు పెట్టింది.

"సెట్టు నాదయితే, నువ్వు రాల్సినందుకు కూలీ ఇవ్వాల కదా. పట్టుకెళ్ళు."

నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటాను.

తర్వాతి వారం ఆ లేఖరి దగ్గరికే వెళ్ళాను. నా వంతు వరకూ కొత్తగా రాయొచ్చు గాని, పోయిన మనిషి కాగితంలో ఒక్క అక్షరం కూడా కలపలేమన్నాడు. నాదే రాయమన్నాను. చెట్టు మాట మొదట రాయమన్నాను. మిగతాది రెండో పేజీలోకి వెళ్ళింది. రెండు పేజీల కిందా సంతకం చేశాను. అందులో ఉన్నది నా మాట. ఆయన మాట ఎందులోనూ లేదు.

ఈ ఏడు చింతపండుకి ఆమె వచ్చింది. గడ చప్పుడు విని గుమ్మంలోకి వెళ్ళి చూశాను. ఆమె ఇచ్చిన చోళ్ళు అలాగే కుండలో ఉన్నాయి. వాటినే తిరగలిలో విసిరి, గరిట నిలబడేంత చిక్కగా అంబలి కాచి, మధ్యాహ్నం అరుగు మీద గిన్నె పెట్టి పిలిచాను.

"ఇంటికాడ తాగొచ్చినానొదినా" అంది.

చెట్టు కిందే కూర్చుని, ఆనపబుర్రలో వెంట తెచ్చుకున్న నీళ్ళు తాగి, మళ్ళీ గడ అందుకుంది. పన్నెండు రోజులూ అంతే. రోజూ అంబలి కాచాను, రోజూ సాయంత్రం నేనే తాగాను.